మన అడవి లెక్క ఎవరు రాశారు?
(పాముల పుస్తకం నుంచి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ దాకా)

కట్లపాము జాతికి ప్రపంచమంతా వాడే శాస్త్రీయ నామం 'బంగారస్'. ఏ దేశంలో ఏ డాక్టరైనా, ఏ విద్యార్థి అయినా ఆ పేరే రాస్తాడు. అది లాటిన్ మాటలా కనిపిస్తుంది గానీ నిజానికి మన తెలుగు 'బంగారు'. విశాఖపట్నం తీరంలో ఎవరో ఒక పామును చూపించి 'బంగారు పాము' అన్నారు. ఒక ఇంగ్లీషు డాక్టరు దాన్ని తన స్పెల్లింగులో రాసుకున్నాడు. ఆ పుస్తకం చూసి 1803లో ఫ్రాన్సుకు చెందిన డాడిన్ ఆ మాటనే జాతి పేరుగా స్థిరపరిచాడు. పేరు బంగారమే గానీ కాటు మాత్రం కాదు, అది వేరే సంగతి.

ఆ డాక్టరు ప్యాట్రిక్ రస్సెల్. 1781లో తమ్ముడి వెంట విశాఖపట్నం వచ్చాడు. 1785 నుంచి ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. ఏ పాముకు విషం ఉంది, ఏ పాముకు లేదు అన్నది జనానికి తేలిగ్గా తెలిసేలా చేయాలన్నది ఆయన తపన. కోరమాండల్ తీరపు పాముల మీద ఆయన రాసిన పెద్ద పుస్తకం 1796లో లండన్‌లో అచ్చయింది. అందులో బొమ్మల కింద తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి. ఒక పాము దగ్గర 'కటుక రేకుల పొడ' అని ఉంటుంది. ఈనాడు మనం రక్తపింజరి, పొడపాము అని పిలిచేది అదే. ప్రపంచం దాన్ని పిలిచేది మాత్రం 'రస్సెల్స్ వైపర్' అని. పేరు చెప్పినవాడి పేరు పోయింది, రాసుకున్నవాడి పేరు పాముకు అంటుకుంది.

ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఈ తేడా గురించే. 'బయోడైవర్సిటీ డేటా' అనే మాట ఈమధ్య కాలేజీల్లో, ఎన్జీవోల సమావేశాల్లో, అటవీ శాఖ బోర్డుల మీద తరచుగా కనిపిస్తోంది. కొత్త విద్యలా వినిపిస్తుంది. కానీ మన కొండల్లో, మన అడవుల్లో ఆ పని మొదలై రెండు వందల ఏళ్ళు దాటింది. మన పెద్దలు చేసుకున్న లెక్క చూస్తే అంతకంటే చాలా పాతది. ఎవరు సేకరించారు, ఎవరు చెప్పారు, ఎవరికి చేరింది అన్న మూడు ప్రశ్నలతో ఆ చరిత్రను చూద్దాం.

రస్సెల్ తరువాత ఆ ఉద్యోగంలోకి వచ్చినవాడు విలియం రాక్స్‌బర్గ్. తూర్పు గోదావరి పిల్లలకు సామర్లకోట అంటే రైల్వే జంక్షను, భీమేశ్వరాలయం గుర్తొస్తాయి. 1780ల్లో అక్కడ రాక్స్‌బర్గ్ తోట ఉండేది. నీలిమందు, మిరియాలు, కాఫీ లాంటివి అక్కడ పెంచి చూశాడు. స్థానిక చిత్రకారులను పెట్టుకొని మొక్కల బొమ్మలు వేయించాడు. ఆ తరువాత కలకత్తా వెళ్ళాడు. ఆయన జీవితకాలంలో వేయించిన బొమ్మలు రెండున్నర వేలకు పైనే. వాటిలోంచి ఎంచిన 300 బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం 1795 నుంచి మూడు సంపుటాలుగా వెలువడింది.

సామర్లకోటకు ఉత్తరాన కనిపించే కొండలు ఏవో మీకు తెలుసు. రంప, మారేడుమిల్లి వైపు కొండలు. కొండరెడ్ల, కోయల కొండలు. అక్కడ అడవిలో దానంతట అదే పెరిగే మిరియాల తీగ ఉందని రాక్స్‌బర్గ్ తెలుసుకున్నాడు. పుస్తకంలో దాని స్థానిక నామం దగ్గర 'మురియల్ తీగ' అన్నట్టు రాశాడు. శాస్త్రీయంగా 'పైపర్ ట్రయోయికం' అని పేరు పెట్టాడు. కంపెనీకి అప్పట్లో మిరియాలంటే డబ్బు. మలబారు నుంచి తెచ్చుకోనక్కర లేకుండా సర్కారు జిల్లాల్లోనే పండిస్తే ఎంత లాభమో లెక్కలు వేశారు. ఈ రోజు ఏజెన్సీలో కాఫీ తోటల నీడచెట్లకు మిరియాల తీగలు ఎగబాకుతున్నాయి. అది వేరే రకం, వేరే కథ. కానీ ఈ కొండలకు మిరియం పరాయిది కాదన్న మాట రెండు వందల ఏళ్ళ కిందటే కాగితం మీదికి ఎక్కింది.

సోమిద చెట్టు సంగతీ అంతే. దాని బెరడు జ్వరానికి మందని ఇక్కడివాళ్ళకు తెలుసు. మలేరియాకు దక్షిణ అమెరికా నుంచి వచ్చే సింకోనా బెరడు ఖరీదైనది, అందుబాటులో ఉండదు. దాని బదులు సోమిద బెరడు పనికొస్తుందేమో చూడండని రాక్స్‌బర్గ్ సిఫారసు చేశాడు. చెట్టుకు 'జ్వరాన్ని పోగొట్టేది' అనే అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టాడు. తరువాత 1830లో ఫ్రెంచి శాస్త్రవేత్త జుస్యూ ఆ చెట్టును వేరే జాతిగా విడదీసి, తెలుగు మాటనే తీసుకొని 'సోయ్మిడా' అన్నాడు. 'సోయ్మిడా ఫెబ్రిఫ్యూగా' అనే రెండు మాటల్లో మొదటిది మన చెట్టు పేరు, రెండోది మన మందు గుణం.

ఇంత వివరంగా రాసిన పుస్తకంలో ఒక్కటి లేదు. ఆ బెరడు జ్వరానికి ఇస్తారని ఏ ఊళ్ళో, ఏ మనిషి చెప్పాడో లేదు. ఆ రోజుల్లో అలా రాసే అలవాటు లేదని సరిపెట్టుకోవచ్చు. కానీ అదే పుస్తకంలో ఐరోపా మిత్రుల పేర్లు మొక్కలకు పెట్టడం మాత్రం మరిచిపోలేదు.

ఇంకో పొర కూడా ఉంది. పుస్తకాల్లో 'తెలింగాలు ఇలా అంటారు' అని ఉంటుంది. అంటే సమాచారం తెలుగు దాకా దిగి ఆగిపోయింది. కొండ మీద ఆ తీగకు కోయ భాషలో ఏమంటారు, కువిలో ఏమంటారు, గదబలో, సవరలో ఏమంటారు అన్నది ఎవరూ అడగలేదు. కొండ మనిషి చెబితే మైదానం మనిషి తెలుగులోకి మార్చాడు, దాన్ని దొర లాటిన్‌లోకి మార్చాడు. మన భాష మొదటి మెట్టులోనే జారిపోయింది. ఈ లోటు పూడ్చడానికి గట్టిగా పని చేసినవాడు గిడుగు రామమూర్తి. ఆయన్ను వ్యావహారిక భాషోద్యమ పితామహుడిగా మనకు బడిలో చెబుతారు. పర్లాకిమిడిలో ఉంటూ సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకొని ఆ భాష నేర్చుకున్నాడు. సవర పిల్లలకు బడులు పెట్టాడు. 1930ల్లో సవర వ్యాకరణం, నిఘంటువు అచ్చయ్యాయి. ఒక భాష నిఘంటువు అంటే ఆ అడవి జాబితా కూడా. ఏ చెట్టుకు మాట ఉందో ఆ చెట్టు ఆ జనం కంటికి ఆనినట్టు లెక్క.

అయితే మన పెద్దలు లెక్క రాయలేదా? కాగితం మీద రాయలేదు. నడవడిలో రాశారు. కొత్తల పండుగ తీసుకోండి. మామిడికాయ అయినా, చిక్కుడు అయినా, సామ అయినా, కొత్త పండుగ చేసి దేవతకు పెట్టకుండా నోట పెట్టకూడదు. చిన్నప్పుడు మనకు ఇది భక్తి అని చెప్పారు. భక్తి నిజమే. దానితోపాటు అది తేదీ కూడా. పిందె ముదిరి టెంక కట్టే దాకా ఎవరూ చెట్టు ఎక్కకుండా ఊరంతటికీ ఒకే కట్టుబాటు. పూజారి పండుగ రోజు ఖాయం చేయాలంటే అడవి తిరిగి చూడాలి. ఈ ఏడు కాపు ముందొచ్చిందా, ఆలస్యమైందా అని పెద్దలు మాట్లాడుకోవాలి. ఇప్పుడు శాస్త్రవేత్తలు చెట్లు పూసే కాలం, కాసే కాలం ఏడాది వెంట ఏడాది నమోదు చేయడానికి ప్రాజెక్టులు పెడుతున్నారు. ఊరి పండుగల క్రమం అలాంటి నమోదే.

గోత్రాల సంగతీ చూడండి. చాలా తెగల్లో ఒక్కో వంశానికి ఒక్కో జంతువో చెట్టో పక్షో ఉంటుంది. ఆ వంశం వాళ్ళు దాన్ని చంపరు, నరకరు, తినరు. ఒక ఊళ్ళో నాలుగైదు వంశాలుంటే ఆ ఊరి చుట్టూ నాలుగైదు జీవులకు కాపలాదారులున్నట్టే.

దీన్ని అతిగా పొగడటం నాకు ఇష్టం లేదు. మనవాళ్ళు అడవికి ఏనాడూ హాని చేయలేదని సభల్లో అంటుంటారు. అది పూర్తి నిజం కాదు. సంతలో రేటు పెరిగినప్పుడు కట్టుబాటు సడలింది. అగరుబత్తుల కోసం నరమామిడి చెక్కకు గిరాకీ వచ్చినప్పుడు చెట్టు చుట్టూ బెరడు ఒలిచేశారు, చాలా చోట్ల చెట్లు ఎండిపోయాయి. తపసి జిగురు కోసం లోతుగా గాట్లు పెట్టి చెట్లను చంపుకున్నాం. తరువాత గిరిజన సహకార సంస్థ, కోవెల్ ఫౌండేషన్ లాంటివి చిన్న గాటుతో, చెట్టు మళ్ళీ మానేలా జిగురు తీసే పద్ధతి నేర్పాయి. 1956లో పెట్టిన ఆ సహకార సంస్థ కొనుగోలు లెక్కలు కూడా ఒక రకం జీవవైవిధ్య సమాచారమే అని నా అభిప్రాయం. ఒక సంతలో ఏ ఏడు ఎన్ని క్వింటాళ్ళ కరక్కాయ, ఎంత తేనె, ఎంత నరమామిడి చెక్క వచ్చిందో వరుసగా పెట్టి చూస్తే, ఆ చుట్టుపక్కల అడవి కథ తెలుస్తుంది. ఎవరైనా డిగ్రీ విద్యార్థి ప్రాజెక్టుకు విషయం వెతుక్కుంటుంటే ఇది చేయవచ్చు.

మళ్ళీ చరిత్రలోకి వద్దాం. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత అడవిని లెక్కపెట్టడం సర్కారు పని అయింది. కానీ సర్కారు లెక్కలో టేకు ఉంది, మద్ది ఉంది, వెదురు ఉంది. పోడు నేరం పట్టికలో ఉంది. రంపలో 1879లో, మళ్ళీ 1922-24లో ఏం జరిగిందో, జోడేఘాట్‌లో 1940లో ఏం జరిగిందో ఈ సంచికలో వేరే వ్యాసాలు చెబుతాయి కాబట్టి నేను విస్తరించను. అడవిని ఘనపుటడుగుల్లో కొలిచే లెక్కకూ అడవిలో బతికేవాళ్ళ లెక్కకూ కుదరలేదు అన్నది అసలు సంగతి.

నిజాం సంస్థానంలో 1931-32లో సలీం అలీ పక్షుల సర్వే చేశాడు. 1940 నుంచి హైమండార్ఫ్ చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య, గోండుల మధ్య ఉండి పుస్తకాలు రాశాడు. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజగోండుల మీద 1948లో. ఏ కాలంలో ఏం తవ్వుకుంటారు, ఏం ఏరుకుంటారు, ఏం వేటాడతారు అన్నది ఆ పుస్తకాల్లో ఉంది. మన తాతల తిండి గురించి మనం ఇంగ్లీషు పుస్తకంలో చదువుకోవాల్సి రావడం బాధే. అయినా అవి లేకపోతే ఆ మాత్రం కూడా మిగిలేది కాదు. దొరికితే చదవండి. చదివి, మీ ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర కూర్చొని, 'ఇందులో ఇలా రాశారు, నిజమేనా' అని అడగండి. తప్పులు వాళ్ళే చెబుతారు.

ఇక కలివికోడి కథ. మన రాష్ట్రాల్లో జీవవైవిధ్య సమాచారం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

టి.సి. జెర్డాన్ అనే సైనిక వైద్యుడు 1848 ప్రాంతంలో ఈ పక్షిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. అందుకే ఇంగ్లీషులో దానిది జెర్డాన్ పేరు. 1900 తరువాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందని రాసేశారు. ఎనభై ఐదేళ్ళు గడిచాయి. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ అనే పరిశోధకుడు కడప జిల్లాకు వచ్చి ఊళ్ళలో బొమ్మ చూపించి అడగడం మొదలుపెట్టాడు. పుస్తకాల్లో అంతరించిన ఆ పక్షి ఊళ్ళవాళ్ళకు తెలిసిన పక్షే. కలివి పొదల దగ్గర తిరుగుతుంది కాబట్టి కలివికోడి. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర అయితన్న అనే స్థానిక వేటగాడు రాత్రి దీపం వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. అంతవరకు పరిశోధకులు పగలు వెతికారు. అది రాత్రి తిరిగే పక్షి అని తెలిసినవాడికి తెలుసు. పట్టుకున్న ఆ పక్షి కొద్ది రోజులకే చనిపోయింది, అది విచారకరం. కానీ ఆ ఒక్క ఆధారంతో ప్రపంచ పక్షిశాస్త్రం తన లెక్క దిద్దుకుంది. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తరువాత తెలుగుగంగ కాలువ పని ఆ పక్షి తిరిగే పొదల మీదుగా వచ్చినప్పుడు, కాలువ దారి మార్చడానికి కూడా ఈ సమాచారమే కారణమైంది.

రస్సెల్ కాలానికీ ఇప్పటికీ ఇక్కడ ఒక మార్పు ఉంది. అయితన్న పేరు పుస్తకాల్లోకి ఎక్కింది. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, రెండు వందల ఏళ్ళలో అది పెద్ద అడుగు.

తరువాతి పరిశోధకులు ఆ పక్షిని పట్టుకోకుండా వెతికే ఉపాయం కనిపెట్టారు. పొదల మధ్య నేల చదును చేసి మెత్తని మట్టి పరిచి, తెల్లవారాక అడుగుల ముద్రలు చూసేవారు. దారిలో పడిన అడుగు చూసి కణుజా, దుప్పా, ఎంతసేపటి కిందట పోయిందీ చెప్పగల మనవాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. నల్లమలలో పులుల లెక్కకు అటవీ శాఖ చెంచుల కళ్ళ మీద ఆధారపడటం అందరికీ తెలిసిందే. కెమెరా చెట్టుకు కట్టేది యంత్రంతో పనే అయినా, ఏ చెట్టుకు కట్టాలో చెప్పేది మనిషే.

దాదాపు అదే సమయంలో, 1987లో, కేరళ అగస్త్యమల కొండల్లో ఇంకో సంఘటన జరిగింది. ఆదివాసుల మొక్కల జ్ఞానం మీద సర్వే చేస్తున్న శాస్త్రవేత్తల బృందం కాణి తెగ యువకులను దారి చూపడానికి తీసుకెళ్ళింది. కొండ ఎక్కుతుంటే శాస్త్రవేత్తలు అలసిపోతున్నారు, కాణి యువకులు మాత్రం ఏదో కాయ నములుతూ హుషారుగా నడుస్తున్నారు. ఏమిటది అని అడిగితే మొదట చెప్పలేదు. తెగ కట్టుబాటు అలాంటిది. బతిమాలాక చూపించారు. అది ఆరోగ్యపచ్చ. దాని నుంచి తిరువనంతపురంలోని ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధన సంస్థ 'జీవని' అనే మందు తయారుచేసింది. 1995లో ఒక ఆయుర్వేద కంపెనీకి 10 లక్షల రూపాయల లైసెన్సు రుసుము, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీ లెక్కన ఇచ్చింది. వచ్చిన దాంట్లో సగం కాణీలకు అన్నారు. 1997లో వాళ్ళ కోసం ట్రస్టు రిజిస్టరు చేశారు. ప్రపంచమంతా దీన్ని ఆదర్శం అని మెచ్చుకుంది.

కానీ లోపలి కథ అంత సాఫీగా లేదు. తెగలో వైద్యం చేసే ప్లాతీలు, మా రహస్యాన్ని కొందరు యువకులు మమ్మల్ని అడగకుండా ఎలా చెప్పారు అన్నారు. ఒక పంచాయతీ కాణీలు ట్రస్టులో ఉంటే ఇంకో పంచాయతీ వాళ్ళు మాకేం సంబంధం అన్నారు. మందుకు ఆకు కావాలి, అటవీ శాఖ ఆకు సేకరణకు అడ్డు చెప్పింది. చెప్పినవాడు ఒకడు, జ్ఞానం అందరిదీ, మొక్క ఉన్న నేల సర్కారుది, పేరు కంపెనీది. ఈ చిక్కుముడి కాణీలది మాత్రమే కాదు. రేపు మన ఊళ్ళో ఒక తాత చెప్పిన వేరు గురించి కూడా ఇవే ప్రశ్నలు వస్తాయి. కాబట్టి ఆ కథను మెచ్చుకోవడం కంటే అందులో ఎక్కడెక్కడ ముడి పడిందో నేర్చుకోవడం మనకు ఉపయోగం.

ఆ అనుభవాలన్నీ చూశాకే 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. 2004 నిబంధనల ప్రకారం ఆ కమిటీ ముఖ్యమైన పని, స్థానిక ప్రజలతో మాట్లాడి 'ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్' రాయడం. ఊరి చెట్లు, జంతువులు, పంట రకాలు, వాటి వాడకం, ఆ జ్ఞానం తెలిసిన వైద్యులు, అన్నీ అందులోకి రావాలి. బయటివాళ్ళు వాణిజ్యం కోసం సేకరిస్తే రుసుము విధించే అధికారం కూడా కమిటీకి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకా ముందుకు వెళ్ళింది. సెక్షన్ 3(1)(కె) కింద జీవవైవిధ్యం మీద, దానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద మన సమూహానికి మేధోసంపత్తి హక్కును గుర్తించింది. పట్టా గురించి అందరికీ తెలుసు. ఈ 'కె' గురించి తెలిసినవాళ్ళు ఎంతమంది?

చట్టం మంచిదే, అమలు మాత్రం నవ్వొచ్చేలా ఉంది. 2016 నాటికి దేశం మొత్తం మీద రాసిన రిజిస్టర్లు పద్నాలుగు వందలు కూడా లేవు. జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో కేసు పడింది. 2020 జనవరి 31 లోపు పూర్తి చేయకపోతే ఒక్కో రాష్ట్రం నెలకు 10 లక్షలు కట్టాలని 2019 ఆగస్టులో ట్రిబ్యునల్ హెచ్చరించింది. అంతే, కొద్ది కాలంలోనే లెక్క రెండున్నర లక్షలు దాటింది. పదిహేనేళ్ళలో కానిది అంత తొందరలో ఎలా అయిందో మీరే ఊహించుకోండి. ఇలా గడువుకు రాసిన రిజిస్టర్లలో ఊరితో కూర్చొని రాసినవి ఎన్ని, కంప్యూటర్ ముందు కూర్చొని రాసినవి ఎన్ని అన్నది చదివితే గానీ తెలియదు. మీ పంచాయతీ రిజిస్టర్ ఒకసారి తెరిపించండి. మీ కొండ మీద ఉన్న చెట్లేనా అవి, మీ అవ్వ పిలిచే పేర్లేనా అవి చూడండి.

ఇంతలో 2023లో చట్టాన్ని సవరించారు. అందులో ఒక మాట మనం జాగ్రత్తగా చదవాలి. గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవారికి లాభాల పంపిణీ నుంచి మినహాయింపు ఇచ్చారు. గ్రంథస్థం అంటే ఆయుర్వేద, సిద్ధ, యునానీ పుస్తకాల్లో ఉన్నది. పసుపు మీద అమెరికాలో ఇచ్చిన పేటెంటు 1997లో రద్దయిందంటే పాత రాతపూర్వక ఆధారాలు చూపించబట్టే. ఆ అనుభవంతో 2001 నుంచి కేంద్రం కట్టిన డిజిటల్ గ్రంథాలయం కూడా పుస్తకాల్లో ఉన్నదాన్నే చేర్చుకుంది. మనది నోటి జ్ఞానం. నోటి జ్ఞానానికి రెండువైపులా పదునుంది. రాయకపోతే ఎవరైనా తమదే అనవచ్చు. అడ్డూ అదుపూ లేకుండా రాసి లోకంలో పడేస్తే ఎవరైనా అడగకుండా తీసుకోవచ్చు. రాయాలి, కానీ ఎక్కడ రాయాలి, ఎవరి చేతిలో ఉండాలి అన్నది మనం నిర్ణయించుకోవాలి.

ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను ఉంది. పక్షి కనిపిస్తే ఈబర్డ్‌లో, పురుగు కనిపిస్తే ఐనాచురలిస్ట్‌లో, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో పెట్టవచ్చు. రస్సెల్‌కు ఏళ్ళు పట్టిన పని నిమిషంలో అవుతుంది, మీ పేరు కూడా దాని పక్కనే ఉంటుంది. ఇది చిన్న లాభం కాదు. పాడేరులో కూర్చున్న అమ్మాయి తీసిన సీతాకోకచిలుక ఫొటో కోసం ఎక్కడో ఉన్న శాస్త్రవేత్త ఉత్తరం రాసే రోజులివి. పక్షులు, సీతాకోకచిలుకలు, మామూలు చెట్లు, పూలు తడబడకుండా పంచుకోండి. ఏజెన్సీ ప్రాంతాల నుంచి వెళ్ళే సమాచారం ఇప్పటికీ తక్కువ. మ్యాపులో మన కొండలు ఖాళీగా కనిపిస్తే, గనికో ప్రాజెక్టుకో నివేదిక రాసేవాళ్ళు 'ఇక్కడ ప్రత్యేకమైనదేమీ లేదు' అని తేలిగ్గా రాసేస్తారు.

అయితే గుత్తి సాలీడు కథ కూడా గుర్తుంచుకోండి. నీలిరంగులో మెరిసే పెద్ద సాలీడు అది. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దాన్ని వర్ణించాడు. దొరికింది గుత్తి రైల్వే కట్టెల అడితిలో. అడవి నుంచి కట్టెలతో కొట్టుకొచ్చి ఉంటుంది. వందేళ్ళు ఎవరికీ కనిపించలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ దొరికింది. ఆ అందమే దానికి శాపమైంది. విదేశాల్లో సాలీళ్ళను పెంచుకునేవాళ్ళు దాన్ని కొంటారు, అమ్ముతారు. అంతరించే ప్రమాదం అంచున ఉన్న జీవుల్లో అది ఒకటి. అలుగు, నక్షత్ర తాబేలు, నేలవేము కోసం వచ్చే దళారి, కొత్త ఆర్కిడ్ కోసం వచ్చే వ్యాపారి, అందరూ ఫోన్లు చూస్తారు. ఐనాచురలిస్ట్ ప్రమాదంలో ఉన్న జీవుల స్థలాన్ని తానే మసకబరుస్తుంది, ఇరవై కిలోమీటర్లకు పైగా వెడల్పున్న గడిలో ఎక్కడో అన్నట్టు చూపిస్తుంది. ఈబర్డ్ కూడా కొన్ని పక్షుల చోటు దాచిపెడుతుంది. కానీ మీరు వాట్సాప్‌లో పెట్టే ఫొటోకు, రీల్‌లో చెప్పే ఊరి పేరుకు ఆ కాపలా లేదు.

మందు మొక్కల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మొక్క ఫొటో పెట్టండి, పేరు పెట్టండి, మన భాషలో పేరు తప్పకుండా పెట్టండి. ఏ రోగానికి, ఏ భాగం, ఎంత మోతాదు, దేనితో కలిపి అన్నది మాత్రం పెట్టవద్దు. అది ఊరి రిజిస్టర్లో, గ్రామసభ తీర్మానంతో, చెప్పిన పెద్దమనిషి ఒప్పుకున్న మేరకే ఉండాలి. రహస్యంగా ఉంచాలన్నది రహస్యమని గుర్తు పెట్టి వేరే పేజీలో రాయాలి. ఈ మాట కొందరు చదువుకున్న మిత్రులకు నచ్చదు, జ్ఞానం అందరిదీ కదా అంటారు. అందరిదే అయితే రక్తపింజరికి రస్సెల్ పేరొక్కటే ఎందుకు మిగిలిందని నేను వాళ్ళను అడుగుతుంటాను.

రిజిస్టర్ రాయడానికి కూర్చునే యువకులకు కొన్ని పనికొచ్చే మాటలు చెప్పి ముగిస్తాను. ప్రభుత్వ ఫారంలో స్థానిక నామం అని ఒకే గడి ఉంటుంది. దాన్ని రెండుగా చీల్చండి, ఒకటి మన భాషకు, రెండోది తెలుగుకు. చెప్పినవారి పేరు గడి వాళ్ళు ఒప్పుకుంటే తప్పక నింపండి. ఆడవాళ్ళను వేరుగా కూర్చోబెట్టి అడగండి. ఆకుకూరలు, దుంపలు, విత్తనాలు వాళ్ళకు తెలిసినంత మగవాళ్ళకు తెలియవు, మగవాళ్ళు ఎదురుగా ఉంటే వాళ్ళు చెప్పరు. ఇంతకు ముందు ఉండి ఇప్పుడు కనిపించని వాటికి ఒక పేజీ ఉంచండి, చివరిసారి ఎవరు, ఏ కొండ మీద, ఏ వరదకు ముందో తరువాతో చూశారో రాయండి. మన పెద్దలకు సంవత్సరం గుర్తుండకపోవచ్చు, వరద గుర్తుంటుంది.

అన్నిటికంటే తొందరగా మొదలుపెట్టాల్సింది దుంపల పేజీ. అడవి దుంపల తీగలు తొలకరి పడ్డాక చిగురిస్తాయి, ఆకును బట్టే ఏ దుంపో తెలుస్తుంది. తవ్వే కాలం వచ్చేసరికి ఆకు రాలిపోతుంది, ఎండు తీగ ముక్క చూసి గుర్తుపట్టేది ముసలివాళ్ళు మాత్రమే. అందుకని వానల్లో ఒకసారి, వానలు వెళ్ళాక మరోసారి, రెండుసార్లు అదే చోటికి అదే అవ్వతో వెళ్ళాలి.